పెదవులు కదిలిస్తే చాలు

వాణి! పలుకుల తల్లి! నీ వరము లేక
గొంతు మూగైన వారికి గుండె తీగ
చెవులు గలవారి హృదయాల చెమ్మ నింప
మీటి పలికించు మాతవై మెలగుమమ్మ!

జనగామ నడిబజారులోని ఆ వాద్యాల అంగడి గడప మీద చాందీ కాసేపు నిలిచిపోయింది. ఆషాఢమంతా తన సందడిని మూటగట్టి తెచ్చి ఆ ఒక్క గదిలోనే విప్పినట్లుంది. బోనాల ఊరేగింపు కోసం ఏదో వాడకట్టు పిల్లగాండ్లు నిలువెత్తు స్పీకరు పెట్టెను పరీక్షిస్తున్నారు. ఒకడు డప్పును కొట్టి చెవికి ఆనించుకొంటున్నాడు. మూలన ఎవరో కీబోర్డు మీద ఒకే వరుసను తప్పుతూ, మొదలుపెడుతూ, మళ్లీ తప్పుతున్నారు. చప్పుడు గోడలకు తగిలి తిరిగివచ్చి మనుషుల రొమ్ములలో దిగబడుతోంది. ఇంత చప్పుడులో నా మాట ఎవరికి వినపడుతుంది, అనుకొంది చాందీ. చప్పుడు లేనిచోట మాత్రం ఎవరికి వినపడిందని, అని ఆ వెనువెంటనే అనుకొంది. మొదటి తలపు కన్న రెండవది చేదుగా ఉంది. మాఘమాసంలో మెడలోని గడ్డను కోసి తీసిననాటి నుంచి ఆమె కంఠంలో గాలి తప్ప నాదం లేదు. ఏదో సన్నని నరం చచ్చుబడిందట. నూటికో కోటికో ఒకరికి అట్లా జరుగుతుందట. అది తమ తప్పు కాదని దవాఖానలో చెప్పారు, ఆమె తప్పు కూడా కాదని మాత్రం ఎవరూ చెప్పలేదు. వాక్కు నాలుగు మెట్లెక్కి వస్తుందని పెద్దలంటారు: నాభిలో పరగా మొలిచి, పశ్యంతిగా కన్ను తెరిచి, హృదయంలో మధ్యమగా మసలి, కంఠాన వైఖరిగా వెలువడుతుందట. చాందీకి కడపటి మెట్టు ఒక్కటే విరిగింది. కింది మూడు మెట్లూ మాట ఎక్కుతూనే ఉంది; ఎక్కి ఎక్కి, మూసిన తలుపు ముందు కూలబడుతూనే ఉంది.

ఎదుటి వీధిలోని ఫంక్షన్ హాలులో ఆమె భర్త ప్రేమ్‌చంద్ బిడ్డ పెండ్లి కోసం దీపాల తోరణాలు, వేదిక మీది పూల గోడ మాట్లాడుతున్నాడు. శ్రావణంలో ప్రియ పెండ్లి. పెండ్లికొడుకు వాళ్లది దేవరుప్పుల దిక్కు కాబట్టి వాళ్లకూ భూపాలపల్లిలోని తమకూ వీలుగా జనగామలో హాలు కుదిరింది. "గంటల అయిపోతది, నువ్వు ఈ కుర్చీల కూసో," అని వెళ్లాడు. కూర్చుంది. గోడకు చేరవేసిన వందల కుర్చీలలో తానొక కుర్చీనై పోతున్నట్లనిపించి లేచి, రోడ్డు దాటి, ఎక్కడికని తన్ను తాను అడుగకుండా ఇక్కడికి వచ్చింది. ఎందుకు వచ్చిందో ఆమెకు తెలియక కాదు. నిన్నటి రాత్రి నుంచి తెలుసు. చెప్పుకొంటే నవ్వుతారు, అంతే. గొంతు లేనిదానికి తీగ కావాలి.

"ఏం గావాలమ్మా?" అన్నాడు అంగడి యజమాని చంద్రమోహన్, చెమట తుడుచుకొంటూ. చాందీ గోడ వైపు చేయి చూపింది. అక్కడ గిటార్లు మెడలు పైకి, పొట్టలు కిందికి వేలాడుతున్నాయి.

"గిటారా? ఎవలకు, కొడుకుకా?"

కాదని తల ఊపింది.

"బిడ్డకా?"

అరచేతిని తన రొమ్ము మీద పెట్టుకొంది. ఆయన కనుబొమలు లేచాయి. ఆమె మెడ మీది మచ్చను చూశాడు, ఆమె పెదవులను చూశాడు, మూగది కాబోలనుకొని, మూగవారికి చెవులు కూడా ఉండవనే లోకరీతిని పాటిస్తూ గొంతు రెట్టింపు చేసి, చేతులు తిప్పుతూ, "నీ... కేనా? మంచిది! కూసో!" అని అరిచాడు. స్పీకరు దగ్గరి పిల్లగాడొకడు కిసుక్కుమన్నాడు. "అన్నా, మేం మైకు అడిగితే లేదంటివి, నోరు లేని అవ్వకేమో గిటారిస్తున్నవ్. దునియా ఉల్టా అయింది గదనే!" అందరూ నవ్వారు. అవ్వ! తనకింకా నలుబది అయిదు నిండలేదు. మాట పోతే వయసు కూడా మీద పడుతుంది కాబోలు. నవ్వండి నాయనా, నవ్వులు నాకు కొత్తవా, అనుకొంటూ ఆమె ఎత్తుపీట మీద కూర్చుంది. కూర్చోగానే ఆ నవ్వు జారి, మరొక నవ్వులోకి, ఇరవైయేండ్లకు పైబడిన ఒక నవ్వులోకి ఆమెను దింపింది.

గార్ల దగ్గరి తండా నుంచి పెండ్లికూతురై, పెండ్లి జరిగే మానుకోటకు తల్లితో వచ్చిన రోజది. తండాలో ఆడపిల్ల అత్తవారింటికి కదిలే ముందు తల్లి మెడను కౌగిలించుకొని, ధావ్లో అనే వీడ్కోలు ఏడుపును ఏడుస్తుంది. పాడుతుంది అనరు, ఏడుస్తుంది అనే అంటారు. ఏడుపే గాని దానికి వరుస ఉంది, విరుపు ఉంది, ఊపిరి ఎక్కడ తెంచాలో ఎక్కడ తెంచరాదో కట్టడి ఉంది. బిడ్డ ఒక పాదం ఏడుస్తుంది: నీ పొయ్యిలో నిప్పు రేపటి నుంచి ఎవరు ఊదుతారే అమ్మా, అని. తల్లి జవాబు ఏడవాలి: నా పొగ నా కండ్లకు అలవాటే బిడ్డా, నీ పొయ్యి నీవు చూసుకో, అని. ఆ జవాబు అందకపోతే బిడ్డ కాలు వాకిలి దాటినా ప్రాణం దాటదని చాందీ తల్లి సక్రి నమ్మేది. అందుకే పదేండ్ల ప్రాయం నుంచీ, పత్తి చేను నుంచి వచ్చి, కాళ్లు కడుక్కొని, బిడ్డను ఎదురుగా కూర్చోబెట్టుకొని నేర్పింది. అద్దాల కుట్టు నేర్పినట్లే, అదే చాప మీద. అంత నేర్చిన చాందీ పెండ్లినాడు తల్లి మెడను పట్టుకొని మొదటి పాదం ఎత్తుకొన్నది. అప్పుడే కొత్తగా కొలువు వచ్చిన ప్రేమ్‌చంద్, టై కట్టుకొన్న ప్రేమ్‌చంద్, వెనుక నుంచి వంగి, "చాందీ, ఊకో. మా ఆఫీసోళ్లు నవ్వుతున్నరు. గీ తండా ఏడుపు ఈడ వద్దు," అన్నాడు. ఆమె ఊకోలేదు. అతడు బ్యాండు మేస్త్రికి సైగ చేశాడు. బాకాలు లేచాయి, డ్రమ్ములు లేచాయి. తల్లి పెదవులు కదలడం చాందీ చూసింది. జవాబు చెబుతున్నది యాడి. యాడి అంటే అమ్మ. ఒక్క ముక్క వినపడలేదు. ఏం చెప్పిందో తరువాత అడిగితే సక్రి తల అడ్డంగా ఊపింది. "అది రెండోసారి రాదు బిడ్డా," అంది. ఆ తల్లి రెండేండ్ల కింద మట్టిలో కలిసిపోయింది, ఆ జవాబును తనతోనే తీసుకొని.

చంద్రమోహన్ ఒక చిన్న గిటారును తెచ్చి ఒడిలో పెట్టాడు. పసిబిడ్డను ఎత్తుకోవడం తెలుసు, మేకపిల్లను ఎత్తుకోవడం తెలుసు. దీనికి తల ఎటు, కాళ్లు ఎటు? ఆయన ఆమె మోచేతిని సరిచేశాడు. వీణకున్నట్లు దీనికీ మెట్లున్నాయి, మెడ పొడుగునా అడ్డంగా లోహపు కమ్ములు. రెండు కమ్ముల నడుమ ఒత్తాలట, కుడిచేత్తో మీటాలట. ఒత్తింది, మీటింది. ఈగ సీసాలో పడ్డట్లు జుయ్యిమంది. "ఇంక గట్టిగ ఒత్తాలె!" గట్టిగా ఒత్తింది; వేలికొనలో తీగ గాటు పెట్టింది; సీసాలో ఈగకు తోడు మరొక ఈగ వచ్చింది. స్పీకరు పెట్టె ఉరిమింది. ఇంకొకటి తెచ్చాడు, నల్లగా నిగనిగలాడేది, తోకకు కరెంటు తీగ తగిలించేది. మీటగానే అది ఎక్కడో దూరాన, మరొక పెట్టెలో నుంచి అరిచింది. ఆమె ఉలిక్కిపడి దాన్ని వదిలేయబోయింది. ఇక్కడ వేలు కదిపితే అక్కడ ఎవరో పలకడం! ఒద్దు, ఒద్దు. ఆ ఏర్పాటే తనకు నిన్న రాత్రి జరిగింది.

నిన్న రాత్రి భోజనాల వేళ వీడియో తీసే అతడు వచ్చాడు. ఈ మధ్య అందరూ అడుగుతున్నారట, తండా ముస్తాబు, తండా పాట. ప్రేమ్‌చంద్ ముఖం వెలిగిపోయింది. ఇంట్లో కూడా తెలుగే మాట్లాడాలని నియమం పెట్టి, బిడ్డ నోట తండా భాష వస్తే ముఖం చిట్లించిన మనిషి, "గిదంత మన కల్చర్ సార్, దాచుకుంటే ఎట్ల? ధావ్లో పెడదాం. తల్లీబిడ్డలు కౌగిలించుకొని ఏడ్వాలె, పైకెళ్లి డ్రోన్ తిరగాలె," అన్నాడు. నీకు గొంతు లేదుగా అన్నట్లు వీడియో అతడు చాందీని చూశాడు. దానికీ ఉపాయం ఆలోచించే ఉంచాడు ప్రేమ్‌చంద్. తండాలో రాజీ ఉంది, ఏడ్వడంలో పేరున్న మనిషి. "రాజీ తెర ఎనుక మైకు పట్టుకొని ఏడుస్తది. నువ్వు పెదవులు కదిలిస్తే సాలు. వీడియోల ఎవలకు ఎరుక?" ఆనాడు వద్దన్నదీ ఈయనే, ఈనాడు కావాలన్నదీ ఈయనే, ఆనాడు గొంతు ఉంది, ఈనాడు లేదు, రెండు నాళ్లలోనూ తన పెదవులు మాత్రం ఆయనవే. చాందీ బిడ్డ వంక చూసింది. ప్రియ సెలవులకు గార్లకు వెళ్లిన ప్రతిసారీ అమ్మమ్మ చాప మీద కూర్చొని ధావ్లో నేర్చుకొన్న పిల్ల. తనకన్నా చక్కగా ఏడుస్తుంది. ఆ పిల్ల ఫోను మీది నుంచి తల ఎత్తి, "అమ్మా, నీకు ఓకేనా?" అని అడిగింది. అడిగింది, అది నిజం. జవాబు వినాలంటే లేచి వచ్చి నోటి దగ్గర చెవి పెట్టాలి. లేవలేదు. రాజీ నా బిడ్డకు జవాబు చెబుతుంది. కన్నది నేను, జవాబు రాజీది. నా బిడ్డ నా మెడను పట్టుకొని రాజీ మాటకు కన్నీరు కారుస్తుంది. రేపు ఆ ఇంట్లో కష్టం వచ్చిన రాత్రి తల్లి జవాబును తలుచుకొంటే, ఎవరి గొంతు వినపడుతుంది దానికి?

"గిది గూడ వద్దా? మరేం గావాలమ్మా నీకు?" చంద్రమోహన్ విసుగును దాచుకొంటూనే వంగి ఆమె నోటి దగ్గర చెవి పెట్టాడు. ఇంతసేపటికి ఒక చెవి దగ్గరికి వచ్చింది. చాందీ ఉన్న గాలినంతా కూడగట్టుకొని ఆ చెవిలో అడిగింది: "ఏడుస్తదా?"

"ఏందీ? ఏడ... పాడుతదా అంటున్నవా? పాడుతది, మంచిగ పాడుతది!"

కాదు. మళ్లీ ఊదింది, ఏడుస్తదా.

ఈసారి విన్నాడు. అంగడివాని ఉత్సాహంతో మూలనున్న కీబోర్డు దగ్గరికి నడిపించాడు. "ఏడుపే గావాలంటే గిటారెందుకమ్మా? గిది జూడు. గీ బటన్ ఒత్తితే షెహనాయి. గిది ఒత్తితే వయొలిన్. నేర్సుకునే పరేషాన్ లేదు. నువ్వు వేలు పెడితే సాలు, అదే ఏడుస్తది." ఒత్తి చూపాడు. ఎవరి ఇంట్లోనూ ఎవరూ చావకుండా, ఎవరూ కదలిపోకుండా, కరెంటు మీద నడిచే దుఃఖమొకటి గదిలో పొర్లింది. వేలు పెడితే చాలు! పెదవులు కదిలిస్తే చాలు! లోకానికి నా నుంచి చాలేది ఎంత కొంచెమో! ఆమె వెనుదిరిగి పోయి గోడకున్న పాత గిటారు వైపు చేయి చాచింది. మట్టిరంగుది, మెరుపు లేనిది, ఎవరో కొని తిరిగి ఇచ్చేసినది. "గది పాతది, తీగలు జర మొండిగుంటయ్. ఎప్పటికి నేర్వాలె?" ఆమె "శ్రావణంల బిడ్డ పెండ్లి" అని ఆయన చెవిలో ఊదింది. " శ్రావణమా? అయ్యో, మంచిగ రావాలంటే ఎండకాలం దాక పడతది తల్లీ." ఆయన దాన్ని దించి, చెవులు మెలిపెట్టి శ్రుతి చేసి ఇచ్చాడు. శ్రుతి తల్లి, లయ తండ్రి అంటారు. ఆ ఇంట తండ్రి చప్పుడే ఎప్పుడూ వినపడింది.

స్పీకరు బేరం తెగింది. పిల్లగాండ్లు దాన్ని ఆటోలోకి ఎక్కించడానికి బయటికి మోస్తున్నారు, చంద్రమోహన్ వారి వెంట పోయి, "జర మెల్లగ, మూల తాకుతది!" అంటున్నాడు. చాందీ ఒక తీగను ఒత్తి, మీటింది. ఒక స్వరం వచ్చింది. కిందిమెట్టు, మరొక స్వరం. రెంటి నడుమ ఏమీ లేదు, గోడ ఉంది. ధావ్లో ఆ గోడలోనే ఉంటుంది. ఏడుపు మెట్లు దిగదు, జారుతుంది. యాడీ అని ఎత్తుకొన్న పిలుపు పైకి సాగి, అక్కడ నిలువలేక వణికి, కిందికి జారి, రొమ్మును తాకి ఆగుతుంది. ఈ కమ్ముల మధ్య దానికి చోటు లేదు. ఎవరు చేశారో దీన్ని, ఎక్కడ నిలబడాలో ముందే గీతలు గీసి పెట్టారు. ఇక్కడ నిలబడు, అక్కడ నిలబడు, నడుమ నిలబడకు. కోపం వచ్చింది. కోపం వచ్చినప్పుడు ఆమె చేతికి తెలిసినది ఒక్కటే పని. అద్దాల కుట్టులో, గుడ్డ మీద అద్దం బిళ్ల పెట్టి చుట్టూ దారం వేసిన తరువాత, వేలికొనతో ఆ దారాన్ని పక్కకు గుంజి బిగించాలి. నేరుగా లాగిన దారం అద్దాన్ని పట్టదు. పక్కకు గుంజితేనే అద్దం కదలకుండా కూర్చుంటుంది. సక్రి దెబ్బ వేసి నేర్పిన ఆ గుంజుడు వేలిలోనే ఉండిపోయింది. తీగను ఒత్తిన వేలు ఆమె చెప్పకుండానే పక్కకు గుంజింది.

తీగ మూలిగింది.

గోడలో నుంచి వచ్చింది ఆ ధ్వని. కింది మెట్టును వదిలి, పై మెట్టుకు చేరక, నడుమనే పైకి సాగి, వేలు సడలించగానే వణికి, జారి, ఆగింది. "అయ్యో, గట్ల పక్కకు గుంజకమ్మా! శ్రుతి పోతది, తీగ తెగుతది. ఒత్తాలె, గుంజొద్దు!" గడప దగ్గర నుంచి చంద్రమోహన్ అరిచాడు. ఆమె మళ్లీ గుంజింది. తప్పే అయితే ఈ తప్పే కావాలి. నా పొగ: ఇక్కడ ఇంత గుంజాలి. నా కండ్లకు: ఇక్కడ వదలాలి, ఒక్కసారిగా కాదు, ముడి విప్పినట్లు. వేలికొన మీద చర్మం చిట్లింది. పోయింది, మొదటికి వచ్చింది, తప్పింది, మళ్లీ ఎత్తుకొంది. నీ పొయ్యి నీవు. ఇక్కడ యాడి ఊపిరి తెంచేది కాదు, కడదాకా పట్టేది. తీగకు ఊపిరి చాలదు, అందుకే రెండుసార్లు మీటాలి. అమ్మా, ఆనాడు బాకాల నడుమ నీవు నాకు చెప్పింది ఇదేనా? ఇదే అయి ఉంటుంది. నీ పెదవులు ఇట్లాగే కదిలాయి, ఈ చోట ముడుచుకొని, ఈ చోట తెరుచుకొని. ఇన్నేండ్లకు నా బిడ్డకు చెప్పవలసిన మాటలో నా అమ్మ నాకు చెప్పిన మాట వినపడుతోంది. ఈ మాట మాత్రం రాజీ నోట రానియ్యను, ఏ తెర వెనుకా దాచనియ్యను, ప్రాణం పోయినా సరే, బిడ్డ మెడ నా భుజం మీద ఉండగా ఈ మొండి తీగే నా కంఠం.

సంచిలో ఫోను మోగింది, ప్రేమ్‌చంద్ నుంచి. ఎత్తకపోతే ఆయనకు కోపం. ఎత్తితే మాట లేదు. గొంతు పోయిన నాటి నుంచి ఆయన అడగడం, ఆమె ఫోను మీద గోటితో కొట్టడం వారి సంభాషణ: ఒకసారి కొడితే అవును, రెండుసార్లయితే కాదు. ఎడమచేతి వేలు తీగ మీదనే ఉంచి, కుడిచేత్తో ఫోను తీసి ఒడిలో, గిటారు పొట్టకు ఆనించి పెట్టి స్పీకరు నొక్కింది.

"చాందీ! ఏడికి పోయినవ్? కుర్చీల లేవేంది? పూల గోడ మాట్లాడిన. యినబడుతున్నదా? కొట్టు!"

ఆమె గోటితో కొట్టలేదు. తీగను మీటి, పక్కకు గుంజింది. నా పొగ నా కండ్లకు అలవాటే బిడ్డా.

"ఏయ్... ఎవలాడ ఏడ్చేది?"

ఆమె మళ్లీ మీటింది. చిట్లిన వేలు మండింది. పిలుపు పైకి సాగి, వణికి, జారింది. ఫోనులో హాలు మనుషుల సుత్తి దెబ్బలు వినపడ్డాయి; తరువాత అవి కూడా ఆగాయి. ప్రేమ్‌చంద్ ఎవరినో "ఆగుండ్రి, ఆగుండ్రి" అంటున్నాడు. ఆయన వింటున్నాడు. పెండ్లయిన నాటి నుంచి ఇన్నేండ్లలో మొదటిసారి, నోరు మూసుకొని, చివరిదాకా వింటున్నాడు. తెలుస్తుందా? ఎవరిదో తెలుస్తుందా? చాందీ గుండె తీగ కన్న బిగిసింది.

"అబ్బ!" అన్నాడు ప్రేమ్‌చంద్. గొంతు నిజంగానే చెమ్మగిల్లింది. "ఏం ఏడుస్తున్నదే! రాజీ ఏం సరిపోతది ఈమె ముందట? ఏ తండామెనో అడుగు. ఆమెను పోనియ్యకు చాందీ. నంబర్ తీస్కో, రాజీకి నేను వద్దని చెప్త."

చాందీ గోటితో జవాబు కొట్టలేదు. ఫోనును అట్లాగే ఒడిలో వదిలి, రక్తం అంటిన వేలితో తీగను మరింత పక్కకు గుంజింది. జవాబులో రెండవ పాదం ఇంకా మిగిలి ఉంది.

ఈ కథకు చెవి ఒగ్గిన వారి ఇండ్లలో బిడ్డ పిలిచినవేళ తల్లి జవాబు తల్లిదే అగుగాక! మాట పోయిన వారి దగ్గరికి ఒక చెవి నడిచివచ్చుగాక! వినవలసినవారు బ్రతికి ఉండగానే విందురుగాక! వాగ్దేవి ఎల్లరినీ చల్లగా కాచుగాక!